విసుగు సంగతి కూడా రాయండి

సంపాదకులకు నమస్కారం.

గత ఆదివారం మీ ఆరోగ్యం పేజీలో వ్యాయామం మీద వచ్చిన వ్యాసం చదివాను. గుండెకు మంచిది, చక్కెర అదుపులో ఉంటుంది, నిద్ర పడుతుంది, మనసు తేలికపడుతుంది అంటూ పన్నెండు లాభాలు వరసగా ఇచ్చారు. పక్కనే సముద్రపు ఒడ్డున పరుగెడుతున్న కుర్రాడి ఫొటో. అతని ఒంటి మీద చెమట చుక్క లేదు. ఆ పన్నెండు లాభాల్లో ఒక్కదాన్నీ నేను కాదనను. కానీ లాభాలు తెలియక వ్యాయామం మానేసినవాడు మా వీధిలో ఒక్కడూ లేడు. జనవరి ఒకటిన కొత్త బూట్లు తొడుక్కుంటాం, సంక్రాంతి అరిసెలు అయిపోయేలోపు విప్పి మంచం కిందికి తోసేస్తాం. దానికి కారణాలు రెండే: ఒకటి ఆయాసం, రెండోది విసుగు. ఆయాసం గురించి ఎవరో ఒకరు రాస్తూనే ఉంటారు. విసుగు మాత్రం ఎవరికీ పట్టదు. దానికి బద్ధకం అని పేరు పెట్టి మమ్మల్నే తిడతారు. మూడేళ్లుగా ఆ రెండింటితోనూ కుస్తీ పట్టినవాణ్ని కాబట్టి ఈ ఉత్తరం రాస్తున్నాను. కాస్త పెద్దదైంది. కత్తిరించక తప్పదనుకుంటే నా గొడవ కత్తిరించండి, కోలాటం భాగం మాత్రం ఉంచండి.

నేను ఆర్టీసీలో 31 ఏళ్లు డ్రైవరుగా చేసి రిటైరయ్యాను. ఇప్పుడు నాకు 63. చివరి పదేళ్లూ రాజమహేంద్రవరం నుంచి భద్రాచలం బండి నడిపాను. మారేడుమిల్లి దాటాక చింతూరు వైపు ఘాట్‌రోడ్డులో ప్రయాణం చేసినవాళ్లకు ఆ మలుపుల సంగతి తెలుసు. నిండు లోడుతో ఉన్న బండిని ఇంజను వేడెక్కకుండా ఆ ఎక్కుడు దాటించడంలో నాకు పేరుండేది. డిపోలో కేఎంపీఎల్ లెక్క తీసినప్పుడు, అంటే లీటరు డీజిలు మీద ఎవరెన్ని కిలోమీటర్లు లాగారో చూసినప్పుడు, నా పేరు పైవరసలోనే కనిపించేది. అంతటివాణ్ని, మా చిన్నమ్మాయి పెళ్లయ్యాక అన్నవరం వ్రతానికి వెళ్లి, మెట్లదారిలో సగం కూడా ఎక్కకుండానే కూలబడ్డాను.

అమ్మాయి మొక్కుకుంది కాబట్టి ఘాట్‌రోడ్డున కారులో కాకుండా మెట్లెక్కి వెళ్లాలన్నారు. తొలిపావంచా దగ్గర పసుపు కుంకుమలు పెట్టి, కొబ్బరికాయ కొట్టి బయలుదేరాం. కొత్త అల్లుడి ముందు తగ్గకూడదని అందరికన్నా ముందు గబగబా ఎక్కాను. కాసేపటికే చెవుల్లో హోరు, నోట్లో తడి లేదు, కాళ్లు నావి కావు. అల్లుడు వచ్చి "మామయ్య గారూ, కాసేపు కూర్చోండి" అని చెయ్యి అందించాడు. ఆయాసం కన్నా ఆ మర్యాద ఎక్కువ బాధపెట్టింది. ఇంతలో మా కండక్టరు పూజ సామాను సంచి భుజాన వేసుకుని నన్ను దాటుకుంటూ వెళ్లాడు. నాకన్నా రెండేళ్లు పెద్దవాడు. డ్యూటీలో మేము డ్రైవరు గారూ, కండక్టరు గారూ అనుకునేవాళ్లం, డిపో గేటు దాటితే బావగారూ అనుకునేవాళ్లం. "ఏమిటి బావగారూ, డీజిలు అయిపోయిందా?" అని నవ్వుతూ ఎక్కిపోయాడు.

ఇంటికొచ్చాక డాక్టరుకు చూపించుకున్నాను. గుండెలో లోపమేమీ లేదన్నారు, బీపీకి మాత్ర రాశారు. నేను డ్రైవరునని చెప్పేసరికి ఆయన కుర్చీ ముందుకు జరుపుకుని ఒక కథ చెప్పారు. లండన్‌లో జెర్రీ మోరిస్ అనే డాక్టరు బస్సు డ్రైవర్లనూ కండక్టర్లనూ పోల్చి చూశాడట. రెండంతస్తుల బస్సులు కాబట్టి అక్కడ కండక్టరు రోజుకు కొన్ని వందల మెట్లు ఎక్కి దిగుతాడు, డ్రైవరు కదలకుండా కూర్చుంటాడు. కండక్టర్లలో గుండెజబ్బు తక్కువగా వచ్చింది, వచ్చినవాళ్లలోనూ అంత తీవ్రంగా లేదు. 1953లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో ఇది అచ్చయింది. నాకు నచ్చిన సంగతి ఇంకొకటుంది. 1956లో అదే బృందం డ్రైవర్ల, కండక్టర్ల యూనిఫారాల కొలతలు తీసి చూస్తే, డ్రైవర్ల ప్యాంట్లకు నడుము దగ్గర గుడ్డ ఎక్కువ పట్టిందట. అదీ ఉద్యోగంలో చేరిన కొత్తలోనే. అంటే తేడా అంతా మెట్ల పుణ్యమే అనుకోవడానికి లేదు, మొదటినుంచీ బొద్దుగా ఉన్నవాళ్లు స్టీరింగు వైపు వెళ్లి ఉండవచ్చు. తనకు అనుకూలంగా వచ్చిన లెక్కను తనే మళ్లీ అనుమానించిన ఆ పెద్దమనిషి 99 ఏళ్లు బతికాడు. మా డిపోలో ఖాకీ బట్ట కుట్టిన దర్జీని అడిగితే నా నడుము చరిత్ర అంతా చెబుతాడు.

మా పల్లెవెలుగు బండ్లకు పై అంతస్తు లేకపోవచ్చు. కానీ కిక్కిరిసిన బండిలో ముందు నుంచి వెనక్కి, వెనక నుంచి ముందుకు జనాన్ని తోసుకుంటూ, కుదుపులకు నిలదొక్కుకుంటూ టికెట్లు కొట్టడం చిన్న పని కాదు. ఇద్దరిదీ ఒకటే బండి, ఒకటే హోటలు భోజనం, ఒకే నైట్ హాల్టు. అతను నిలబడ్డాడు, నేను కూర్చున్నాను.

సరే, నడుం బిగించాను. మూడుసార్లు మొదలుపెట్టి మూడుసార్లూ మానేశాను.

మొదటిసారి తెల్లవారుజామున మైదానానికి వెళ్లి పరుగు తీశాను. ఒక చుట్టు 400 మీటర్లు. అందులో సగం పరుగెత్తి, మిగతా సగం నడుం మీద చేతులు పెట్టుకుని వంగి నిలబడ్డాను. నాలుగో రోజుకు మోకాలి కింద ముందు ఎముక వెంట నొప్పి. పన్నెండో రోజుకు నొప్పి తగ్గింది, మనసు విరిగింది. 31 ఏళ్లు రోడ్డు మీద బతికినవాణ్ని. ప్రతి మలుపులో ఒక చెట్టో, ఒక మేకల మందో, చెయ్యెత్తే ముసలమ్మో కనిపించేది. గానుగెద్దులా అదే వేపచెట్టు, అదే గోలుపోస్టు, అదే చెత్తడబ్బా చుట్టూ తిరగడం నా వల్ల కాలేదు.

రెండోసారి మూడు నెలల డబ్బు ముందే కట్టి జిమ్‌లో చేరాను. పేరు చెప్పను, పాపం ఆ కుర్రాడు మంచివాడే. "అంకుల్, మీరు చేయగలరు" అంటూ ట్రెడ్‌మిల్ వేగం పెంచేవాడు. ఎదురుగా గోడ, గోడ మీద కండల మనిషి బొమ్మ. చక్రం తిరుగుతుంది, బండి కదలదు. డ్రైవరుకు ఇంతకన్నా అవమానం ఉంటుందా? తొమ్మిదో రోజు దిగిపోయాను.

మూడోసారి అల్లుడు ఫోనులో అడుగులు లెక్కపెట్టే ఏర్పాటు చేసి ఇచ్చాడు. రోజుకు పది వేల అడుగులు పడాలట. పదకొండు గంటల రాత్రి, ఇంకా పద్దెనిమిది వందలు తక్కువయ్యాయని హాల్లో సోఫా చుట్టూ తిరుగుతుంటే మా ఆవిడ లైటు వేసి చూసి, ఏమీ అనకుండా లైటు ఆర్పేసి వెళ్లిపోయింది. ఆ పది వేలు ఎక్కడిదని డాక్టరును అడిగితే, 1965లో జపాన్‌లో అమ్మకానికి వచ్చిన ఒక అడుగుల మీటరు పేరులో ఉన్న అంకె అన్నారు. ఆ మీటరు పేరు మాన్‌పో-కెయి, అంటే పదివేల అడుగుల కొలత. వినడానికి గుండ్రంగా ఉంది కాబట్టి నిలిచిపోయింది. నడవడం మంచిదే గానీ, తొమ్మిది వేల తొమ్మిది వందల దగ్గర ఆగితే పాపమేమీ లేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ అడుగుల లెక్క చెప్పదు. వారానికి 150 నుంచి 300 నిమిషాలు ఒక మాదిరి శ్రమ చేయాలంటుంది. ఒకప్పుడు ఏకబిగిన కనీసం పది నిమిషాలు చేస్తేనే లెక్కలోకి వస్తుందనేవారు. 2020లో ఆ షరతు తీసేశారు. ఐదు నిమిషాలు చేసినా లెక్కకు వస్తుంది. మీ వ్యాసంలో పన్నెండు లాభాలకు బదులు ఈ ఒక్క సంగతి రాసి ఉంటే ఎంతమందికో గుండె ధైర్యం వచ్చేది.

నన్ను దారిలో పెట్టినవాడు మా కండక్టరే. అతను కుర్రతనంలో పౌరాణిక నాటకాల్లో కృష్ణుడి వేషం వేసేవాడు. బండి ఖాళీగా ఉన్నప్పుడు వెనక సీట్లో పద్యం అందుకుంటే రంపచోడవరం దాకా రాగం ఆపేవాడు కాడు. ఒక సాయంత్రం నన్ను పుష్కరఘాట్‌కు తీసుకువెళ్లి, పక్కనే నడుస్తూ కబుర్లు చెప్పాడు. నేను జవాబు చెప్పలేక ఒగరుస్తున్నాను. "బావగారూ, మారేడుమిల్లి ఎక్కుడులో మీరు టాపు గేరు వేసేవారా?" అన్నాడు. వెయ్యను, బండి మూలిగి ఆగిపోతుంది. "మరి ఒంటికి ఎందుకు వేస్తున్నారు?"

అతను చెప్పిన కొలత ఇది. నడుస్తున్నప్పుడు మాట రావాలి, పద్యం రాకూడదు. మాట కూడా రాకపోతే గేరు ఎక్కువైనట్టు, తగ్గించాలి. రాగం తీసి పద్యం పాడగలిగితే బండి న్యూట్రల్‌లో దొర్లుతున్నట్టు, కాస్త పెంచాలి. డాక్టరుకు చెబితే, మాట్లాడి చూసుకునే ఈ పరీక్షను వైద్యులు కూడా వాడతారన్నారు. 220లోంచి వయసు తీసేస్తే గుండె వేగానికి పైహద్దు వస్తుందని ఒక సూత్రం ఉందట, కానీ అది సగటు మాత్రమే, మనిషికీ మనిషికీ బాగా మారుతుంది. పైగా కొన్ని రకాల బీపీ మాత్రలు నాడిని పెరగనివ్వవు కాబట్టి నాలాంటివాళ్లను ఆ అంకె తప్పుదారి పట్టిస్తుందట. పద్యానికి ఆ చిక్కు లేదు.

సిగ్గు విడిచి రాస్తున్నాను, మొదటి రెండు వారాలు నా వేగం చూస్తే పెళ్లి ఊరేగింపు నయం. పదిహేను నిమిషాలు, వారానికి నాలుగు రోజులు, అంతే. ఇంకా నడవగలను అనిపించినప్పుడే ఇంటికి తిరిగేవాణ్ని. తర్వాత వారానికి మూడు నాలుగు నిమిషాలు కలుపుకుంటూ పోయాను. మొదటి పది నిమిషాలు ఎప్పుడూ బరువుగానే ఉంటాయి. చలికాలం పొద్దున్నే ఇంజను స్టార్టు చేసి వెంటనే గేరు వేస్తే ఎలా మొరాయిస్తుందో అలాగే. చాలామంది ఆ పది నిమిషాలనే మొత్తం వ్యాయామం అనుకుని, ఇదంతా ఇలాగే ఉంటుందేమోనని మానేస్తారు. అలాగే దూరప్రయాణం చేసి వచ్చిన బండిని చివర్లో ఒక నిమిషం ఊరికే ఆడనిచ్చి ఆపుతాం. నేనూ చివరి ఐదు నిమిషాలు కాళ్లీడ్చుకుంటూ నడుస్తాను.

లోపల జరిగేదేమిటో డాక్టరు చెప్పినంతలో నాకు అర్థమైంది ఇదీ. మొదటి ఒకటి రెండు వారాల్లోనే రక్తంలో ద్రవభాగం పెరిగి, గుండె ఒక్కో దెబ్బకు మునుపటికన్నా ఎక్కువ రక్తం తోస్తుంది. అంటే గుండెకు కేఎంపీఎల్ పెరిగినట్టు. కండరాల్లో సన్నని రక్తనాళాలు కొత్తగా రావడానికి వారాలూ నెలలూ పడుతుంది. కండరాన్ని ఎముకకు కట్టి ఉంచే తాళ్లు గట్టిపడటం మరీ నిదానం. అందువల్ల ఊపిరి ముందు కుదురుకుంటుంది, కాళ్లు వెనకబడతాయి. దమ్ము వచ్చింది కదా అని నెలరోజులకే పరుగు లంకించుకునేవాడికి మోకాళ్లు చెబుతాయి బుద్ధి. నేను మైదానంలో చేసిన తప్పు అదే, దమ్ము కూడా రాకుండానే చేశాను.

ఆయాసం అలా దారికొచ్చింది. విసుగు అంత తొందరగా లొంగలేదు.

గోదావరి గట్టున రోజూ ఒకే దారి కాబట్టి మూడో వారానికి మళ్లీ మైదానం గుర్తుకు రావడం మొదలైంది. ఒకరోజు ఆర్చి వంతెన మీదికి రైలు వచ్చింది. ఆ వంతెన దగ్గర దగ్గర మూడు కిలోమీటర్లు. రైలు ఇటు కొస నుంచి కొవ్వూరు వైపు కొసకు చేరడానికి మూడు నాలుగు నిమిషాలు పడుతుంది. ఏం తోచిందో, రైలు వంతెన దాటేదాకా వేగంగా నడుద్దాం అనుకున్నాను. రైలు వెళ్లిపోయాక నిదానించాను. ఊపిరి తీసుకునేలోపు అటు నుంచి గూడ్సు. అదేమో ఎంతకీ తెగదు! పెట్టెలు లెక్కపెడుతూ నడిచాను. ఆ రోజు ఇంటికి ఆలస్యంగా వచ్చానని నాకు ఇంటికి వచ్చాకే తెలిసింది.

అప్పటినుంచి అది మా ఆట. రైలు వస్తే జోరు, పోతే నిదానం. ఎప్పుడొస్తుందో తెలియదు, ఎంతసేపుంటుందో తెలియదు. కొన్ని రోజులు వరసగా మూడు వచ్చి ప్రాణం తీస్తాయి, కొన్ని రోజులు ఒక్కటీ రాదు. వందేళ్లకు దగ్గరగా రైళ్లను మోసి 1997లో రిటైరైన హేవలాక్ వంతెన పక్కన ఖాళీగా నిలబడి మమ్మల్ని చూస్తూ ఉంటుంది. దానికీ మాకూ తోటి పింఛనుదార్ల స్నేహం. తర్వాత తెలిసింది ఏమిటంటే, 1930ల్లో గోస్టా హోల్మర్ అనే స్వీడన్ శిక్షకుడు తన పరుగు కుర్రాళ్లకు సరిగ్గా ఇలాంటిదే నేర్పాడట. గడియారం లేకుండా, కొలిచిన చుట్లు లేకుండా, మనసుకు తోచిన చోట వేగం పెంచి తోచిన చోట తగ్గించడం. వాళ్ల భాషలో దాన్ని ఫార్ట్‌లెక్ అంటారు, వేగంతో ఆట అని అర్థం. ఒలింపిక్స్ వాళ్లకు పనికొచ్చిన ఆట పింఛనుదారుకు పనికిరాదా? రైలు లేని ఊళ్లో కరెంటు స్తంభాలుంటాయి. ఒక స్తంభం జోరుగా, రెండు స్తంభాలు నిదానంగా.

ఇంకో మందు, డ్యూటీ చార్టు. డిపోలో చార్టు చూసుకోకుండా మాకు తెల్లవారేది కాదు. అలాంటిదే ఒకటి రాసుకున్నాను. సోమవారం పుష్కరఘాట్ నుంచి గౌతమీఘాట్ వైపు. మంగళవారం కంబాలచెరువు. బుధవారం మెట్లు, ఏదో ఒక ఘాట్‌లో దిగడం ఎక్కడం. గురువారం వీక్లీ ఆఫ్. శుక్రవారం కోటగుమ్మం నుంచి బజారు సందుల్లో, దుకాణాలు తెరవకముందు. శనివారం లాంగ్ సర్వీసు, అంటే ధవళేశ్వరం దారి. మొదట్లో మధ్యలోనే ఆటో ఎక్కి వచ్చేసేవాళ్లం. అయిదో నెలలో ఆనకట్ట దాకా నడిచాం, కాటన్ దొర విగ్రహానికి దణ్ణం పెట్టి, టిఫిను తిని, బస్సులో వెనక్కి వచ్చాం. అలవాటు కొద్దీ నేను డ్రైవరు వెనక సీట్లో కూర్చుని అతని గేర్లు గమనిస్తున్నాను, కండక్టరు టికెట్లు లెక్కపెడుతున్నాడు.

అతను ఒక వేబిల్లు కూడా తయారుచేశాడు. పాత నోటుపుస్తకంలో గళ్లు గీసి: బయలుదేరిన టైము, చేరిన టైము, రైళ్లు ఎన్ని, దారిలో కొత్తగా కనిపించింది ఏమిటి. ఆ చివరి గడి ఖాళీగా ఉంటే ట్రిప్పు రద్దు, మళ్లీ నడవాలి. ఈ ఒక్క నిబంధన వల్ల నాకు కళ్లు తెరుచుకున్నాయి. వల విప్పుతున్న జాలరి, లంక నుంచి పడవలో వచ్చే అరటిగెలలు, పావురాలకు గింజలు వేసే ఒక పోలీసాయన, వరద తగ్గాక మెట్ల మీద మిగిలిన ఒండ్రు. ఇవన్నీ వేబిల్లులో ఉన్నాయి. జూలై, ఆగస్టుల్లో గోదావరి ఎర్రగా పొంగి ఘాట్లు మునిగితే ఇంటి మెట్లే గతి. అప్పుడు కొత్తవి ఏం కనిపిస్తాయి? పై వాటాలో అద్దెకున్నవాళ్ల చెప్పులు లెక్క రాశాను. మే నెలలో మా ఊరి ఎండ సంగతి వేరే చెప్పనక్కరలేదు, అయిదున్నరకు బయలుదేరి ఏడులోపు ఇంట్లో ఉండాలి, లేకపోతే లేదు.

ఇక అసలు సంగతి. నేను ఇన్ని తంటాలు పడుతుంటే మా ఆవిడ ఏ వ్యాయామమూ చేయడం లేదని ఏడాది పాటు దెప్పాను. ఇంటిపనే వ్యాయామం అనే పాత మాట ఆమె అనలేదు, నేనే ఆమె తరఫున అనుకున్నాను. తెల్లవారుజామున చీకట్లో గట్టు మీదికి రమ్మంటే, "వీధిలైటు వెలగని చోట మీరు నడవండి, నేను రాను" అంది. నిజమే. మగవాళ్లం మేము ఆ చీకటిని గమనించనే లేదు. ఏడు దాటితే వంట, మనవడి స్కూలు. సాయంత్రం దగ్గరలో ఉన్న కళాశాల మైదానానికి వెళదామంటే, ఆ గేటుకు తాళం.

రెండేళ్ల క్రితం మా వీధి చివర గుడి మండపంలో కోలాటం నేర్పడం మొదలుపెట్టారు. ఇరవై మంది దాకా ఆడవాళ్లు, పాతికేళ్ల కోడలి నుంచి అరవై దాటిన అత్తగారి వరకు. సాయంత్రం ఆరున్నర నుంచి ఏడున్నర. మా ఆవిడ వెళ్లింది. పేరంటాలకు వెళ్లినట్టు వెళ్తోందిలే అనుకున్నాను. ఒకరోజు ఇంటి తాళాలు ఇవ్వడానికి వెళ్లి, స్తంభం పక్కన నిలబడి చూశాను.

పాట మొదట నెమ్మదిగా ఉంటుంది. కర్ర కర్రకు తగిలిస్తూ గుండ్రంగా అడుగులు. గురువు గారు డోలక్ వేగం పెంచుతాడు. అడుగుతో పాటు వంగడం, లేవడం, తిరగడం, పక్క మనిషి కర్రకు తన కర్ర అందించడం. ఇంకా పెంచుతాడు. చరణం చివర గంతులే గంతులు. హఠాత్తుగా పాట నిదానిస్తుంది, అందరూ నవ్వుతూ రొప్పుతూ నడుస్తారు. మళ్లీ మొదలు. మా రైళ్ల ఆట కూడా ఇంతే, కాకపోతే వీళ్ల రైలు ఎప్పుడూ ఆలస్యం కాదు! కోపులు, అంటే కోలాటం అడుగుల వరసలు, నేర్చుకోవడంలో బుర్రకు తీరిక ఉండదు. ఎడమ కాలు వేయవలసిన చోట కుడి కాలు వేస్తే పక్కావిడ కర్ర వేళ్లకు తగులుతుంది, ఇక విసుక్కునే వ్యవధి ఎక్కడిది? జడ కోలాటమైతే మరీను. పైనుంచి వేలాడే తాళ్లు పట్టుకుని ఒకరి కింద నుంచి ఒకరు దూరుతూ జడ అల్లాలి, అల్లినదాన్ని మళ్లీ విప్పాలి. ఒక్కరు మానేస్తే జడ కుదరదు. అందుకని ఒంట్లో బాగున్నన్నాళ్లూ ఎవరూ మానేయరు. నేను డబ్బు ముందే కట్టీ తొమ్మిది రోజుల్లో వదిలేసిన జిమ్ గుర్తొచ్చింది.

పాట ఆగగానే మా ఆవిడ మణికట్టు పట్టుకుని పదిహేను సెకన్లు నాడి లెక్కపెట్టాను. అందరూ నవ్వారు. 32 వచ్చింది, అంటే నిమిషానికి 128. గూడ్సు బండికి నేను ఎంత జోరుగా నడిచినా 120 దాటలేదు. నాకు బీపీ మాత్ర ఉందని సర్దిచెప్పుకున్నాను.

ఈ మాఘమాసంలో మళ్లీ అన్నవరం వెళ్లాం. అదే తొలిపావంచా, అవే మెట్లు. కండక్టరు రాగం తీయబోయి రాలేదంటే గేరు సరిపోయిందని అర్థం. నేను ఎక్కడా కూర్చోలేదు. రెండుచోట్ల నిలబడ్డాను, రాస్తున్నాను కాబట్టి అదీ రాయాలి. పైకి చేరేసరికి మా ఆవిడ, ఆమె కోలాటం స్నేహితురాళ్లు ఇద్దరు, నీడలో కూర్చుని ఉన్నారు. ఎంతసేపైంది వచ్చి అంటే సమాధానం చెప్పకుండా విస్తరాకులో ప్రసాదం చేతిలో పెట్టింది.

సంపాదకులకు నా విన్నపాలు రెండు. మన దేశంలో పెద్దవాళ్లలో దాదాపు సగం మందికి సరిపడా శారీరక శ్రమ లేదని 2024లో లాన్సెట్ గ్లోబల్ హెల్త్ పత్రికలో లెక్క వచ్చింది. మగవాళ్లకన్నా ఆడవాళ్లలో ఇది ఎక్కువ. ఆ వార్త అన్ని పత్రికలూ వేశాయి, కింద సలహాలు కూడా ఇచ్చాయి. సాయంత్రం ఆరు నుంచి ఎనిమిది దాకా మైదానాల గేట్లు తెరిచి ఉంచాలనీ, గట్ల మీద వీధిలైట్లు వెలగాలనీ మాత్రం ఎవరూ రాయలేదు. మీ విలేకరులు ఏ ఊళ్లో ఏ మైదానం గేటుకు తాళం ఉందో ఒక్కరోజు తిరిగి రాస్తే, పన్నెండు లాభాల వ్యాసం కన్నా ఎక్కువ పని జరుగుతుంది.

రెండోది ఫొటో గురించి. ఈసారి ఆ పేజీకి చెమట పట్టని కుర్రాడి బొమ్మ వద్దు. ఏ రోజైనా సాయంత్రం ఆరున్నరకు మా గుడి మండపానికి మీ ఫొటోగ్రాఫరును పంపించండి. బూట్లు మాత్రం మెట్ల దగ్గరే విడవాలి, ఆడేవాళ్ల మధ్యలోకి వెళితే కర్రలు తగులుతాయి, జాగ్రత్త.

ఇట్లు,
ఒక విశ్రాంత ఆర్టీసీ డ్రైవరు,
రాజమహేంద్రవరం